లెడ్ జెప్పెలిన్ పునర్ముద్రణలు: ఏ ప్రతి కొనాలి, దేనిని వదిలేయాలి

లెడ్ జెప్పెలిన్ ఆల్బంలను కొత్తగా సేకరించదలచినవారికి మొదట ఎదురయ్యే చిక్కు ధర కాదు, ఒకే ఆల్బం ఇన్ని రూపాలలో కనిపించడం. 1968లో గిటారిస్టు జిమ్మీ పేజ్ పూనికతో లండన్‌లో ఏర్పడి, 1980 సెప్టెంబరులో డ్రమ్మర్ జాన్ బోనమ్ మరణంతో ముగిసిపోయిన ఈ బ్రిటిష్ రాక్ బృందం తన జీవితకాలంలో విడుదల చేసిన స్టూడియో ఆల్బంలు ఎనిమిదే. మిగిలిపోయిన రికార్డింగులతో 1982లో వచ్చిన ‘కోడా’ను కలిపితే తొమ్మిది. ఈ తొమ్మిదింటినే 1980లలో సీడీలుగా, 1990లలో రీమాస్టర్ చేసి, 2014–15లో మళ్లీ రీమాస్టర్ చేసి, నడుమ సంకలనాలుగా, పెట్టెలుగా, జపాన్ ప్రత్యేక ప్రతులుగా అమ్ముతూ వచ్చారు. ఏది తీసుకున్నా పాట అదే అయినప్పుడు ఏదైతేనేం అనిపించవచ్చు. కానీ ఆ ప్రతులను పక్కపక్కన పెట్టి విన్నవారికి తేడా స్పష్టంగా తెలుస్తుంది.

సీడీ కొనాలా, ఎల్పీ కొనాలా, డౌన్‌లోడ్ చేసుకోవాలా అన్న ప్రశ్నతో చాలామంది మొదలుపెడతారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మొదట తెలుసుకోవలసినది ఆ ప్రతికి మాస్టరింగ్ ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్నది. గొంతును, వాద్యాలను తగిన పాళ్లలో కలిపే మిక్సింగ్ పూర్తయి టేపు మీదికి చేరిన పాటను సీడీకో ఎల్పీకో ఎక్కించే ముందు ఒక ఇంజనీరు కూర్చుని, మంద్రస్వరాలు ఎంత బరువుగా ఉండాలో, పై స్వరాలు ఎంత మెరవాలో, మొత్తం శబ్దస్థాయి ఎంత ఉండాలో నిర్ణయిస్తాడు. మెల్లగా సాగే చోటుకూ హోరెత్తే చోటుకూ మధ్య ఉండే అంతరాన్ని కుదించి అన్నింటినీ ఒకే ఎత్తుకు తెస్తే, కారులోనూ ఫోనులోనూ పాట దిట్టంగా వినిపిస్తుంది గానీ, ఇంట్లో మంచి స్పీకర్ల ముందు కూర్చుని వింటే కొద్దిసేపటికే చెవి అలసిపోతుంది. ఈ బృందం సంగీతానికి ప్రాణం ఆ అంతరంలోనే ఉంది. మొదటి ఆల్బంలోని ‘బేబ్ ఐయామ్ గొన్నా లీవ్ యూ’లో ఒంటరిగా పలికే అకూస్టిక్ గిటారు మీదికి డ్రమ్ములు ఒక్కసారిగా విరుచుకుపడే ఘట్టం, అంతరాన్ని కుదించిన ప్రతిలో సగం బలాన్ని కోల్పోతుంది. కాబట్టి అట్ట మీద ‘రీమాస్టర్డ్’ అన్న ముద్ర ఉన్నంత మాత్రాన అది మేలైన ప్రతి అని అనుకోకూడదు.

1980లలో వచ్చిన తొలి సీడీలు పేజ్ ప్రమేయం లేకుండా తయారైనవి. వాటిలో చాలావాటికి బృందం రికార్డులు విడుదల చేసిన అట్లాంటిక్ సంస్థ కోసం బ్యారీ డయామెంట్ మాస్టరింగ్ చేశారు. ఆయన పద్ధతి వీలైనంత తక్కువగా జోక్యం చేసుకోవడం. అందువల్ల ఈ సీడీలు తరువాతి వాటికంటే మెల్లగా వినిపిస్తాయి, పై స్వరాలలో మెరుపు తక్కువగా ఉంటుంది, లోపలి పుస్తకంలో చదవడానికి దాదాపు ఏమీ ఉండదు. అయితే ఆంప్లిఫయర్ శబ్దాన్ని కాస్త పెంచి వింటే మెల్లని చోటికీ బిగ్గరైన చోటికీ మధ్య ఉండే సహజమైన దూరం చెక్కుచెదరకుండా వినిపిస్తుంది. పాత సీడీలు అమ్మే చోట ఇవి తక్కువ ధరకే దొరకడం మరో సదుపాయం. అమెరికా ప్రతులను గుర్తుపట్టడానికి వెన్ను మీది సంఖ్య చాలు. మొదటి ఐదు ఆల్బంలకు తొలి సీడీల సంఖ్యలు 19126 నుంచి 19130 వరకు ఉంటాయి. 1990లలో రీమాస్టర్ అయిన అవే ఆల్బంల సంఖ్యలు 826తో మొదలవుతాయి. విదేశాలలో ఉంటున్న మన తెలుగువారిలో సెకండ్‌హ్యాండ్ రికార్డు దుకాణాలకు వెళ్లే అలవాటు ఉన్నవారు ఈ సంఖ్యలను గుర్తుంచుకుంటే, అందరూ పక్కకు నెట్టేసే పాత సీడీల గుట్టలోంచే మంచి ప్రతిని ఏరుకోవచ్చు.

ఆ తొలి సీడీల తీరు పేజ్‌కు నచ్చలేదు. న్యూయార్క్‌లోని స్టెర్లింగ్ సౌండ్ స్టూడియోలో జార్జ్ మరీనోతో కలిసి ఆయన స్వయంగా రీమాస్టర్ చేయించిన 54 పాటలు 1990లో నాలుగు సీడీల పెట్టెగా వచ్చాయి. మిగిలిన పాటలతో రెండో పెట్టె 1993లో వచ్చింది. అదే ఏడాది అన్ని స్టూడియో ఆల్బంలు కలిపి పది సీడీల పెట్టెగానూ, ఆ తరువాత విడివిడిగానూ వచ్చాయి. ఈ దశ ప్రతులు డయామెంట్ సీడీలకంటే స్పష్టంగా ఉంటాయి, గిటారు అంచులు పదునుగా తెలుస్తాయి. కొన్ని చోట్ల ఆ పదును ఎక్కువై డ్రమ్ముల సెట్టులోని లోహపు తాళాలు (సింబల్స్) గరగరమన్నట్లు వినిపించడం నాకు ఇబ్బందిగా తోస్తుంది. 1990 పెట్టెలో పాటల వరుస మూల ఆల్బంల వరుస కాదు. పేజ్ తన అభిరుచి ప్రకారం కొత్తగా కూర్చిన వరుస అది. ఆనాడు దానికి ఒక ప్రత్యేక ఆకర్షణ ఉండేది. బీబీసీ కోసం 1969లో రికార్డు చేసిన ‘ట్రావెలింగ్ రివర్‌సైడ్ బ్లూస్’, 1970లో సింగిల్ రెండోవైపున వచ్చిన ‘హే హే వాట్ కెన్ ఐ డూ’ వంటివి అందులోనే దొరికేవి. ఆ రెండూ ఇప్పుడు 2015 ‘కోడా’లో ఉన్నాయి గనుక, జ్ఞాపకం కోసమైతే తప్ప వినడం కోసం ఆ పెట్టె కొనవలసిన అవసరం తీరిపోయింది.

2007లో వచ్చిన ‘మదర్‌షిప్’ రెండు సీడీలలో 24 పాటల సంకలనం. మొదటిసారి వినేవారికి పరిచయంగా పనికొస్తుంది గానీ, శబ్దస్థాయిని బాగా పైకి లాగిన ప్రతి అది. ఆల్బంలు కొనబోతున్నవారు దానిని వదిలేయవచ్చు.

అసలు ఎంపిక 2014–15 నాటి పునర్ముద్రణల దగ్గర మొదలవుతుంది. లండన్‌లోని ఆల్కెమీ స్టూడియోలో జాన్ డేవిస్, పేజ్ పర్యవేక్షణలో తొమ్మిది ఆల్బంలనూ కొత్తగా మాస్టర్ చేశారు. మొదటి మూడు ఆల్బంలు 2014 జూన్‌లో, నాలుగోది, ‘హౌసెస్ ఆఫ్ ది హోలీ’ అదే ఏడాది అక్టోబరులో, ‘ఫిజికల్ గ్రాఫిటీ’ సరిగ్గా దాని నలభయ్యో ఏట 2015 ఫిబ్రవరిలో, చివరి మూడు ఆ జూలై ఆఖరున వచ్చాయి. ‘మదర్‌షిప్’కు పనిచేసిన ఇంజనీరే అయినా ఈసారి చేయి తేలికగా పడింది. శబ్దస్థాయి 1980ల ప్రతులకంటే పైనే ఉన్నా హద్దు మీరలేదు, మంద్రస్వరాలు నిండుగా ఉన్నాయి, జాన్ పాల్ జోన్స్ బేస్ గిటారు ఎక్కడ ఏం చేస్తున్నదో వెతుక్కోకుండానే తెలుస్తుంది. కొత్తగా కొనేవారికి, పాత ప్రతుల వెంట తిరిగే ఓపిక లేనివారికి నేను నిస్సంకోచంగా చెప్పే ప్రతి ఇదే.

అయితే ఒక్కో ఆల్బం మళ్లీ మూడు నాలుగు రూపాలలో వచ్చింది: ఆల్బం మాత్రమే ఉన్న సీడీ లేదా ఎల్పీ, దానికి ఇతర మిక్సులు, అదనపు రికార్డింగులు ఉన్న ‘కంపానియన్’ డిస్కు జోడించిన డీలక్స్ ప్రతి, అన్నీ కలిపి పుస్తకంతో సహా అమ్మిన సూపర్ డీలక్స్ పెట్టె. కంపానియన్ డిస్కుల విలువ అన్ని ఆల్బంలకూ సమానం కాదు. అన్నింటికీ డీలక్సే కొనాలన్న పట్టుదల డబ్బును వృథా చేస్తుంది.

మొదటి ఆల్బంకు డీలక్స్ తప్పక తీసుకోవాలి. దాని కంపానియన్ డిస్కు 1969 అక్టోబరు 10న పారిస్‌లోని ఒలింపియా ప్రదర్శనశాలలో చేసిన కచేరీ. రెండో ఆల్బం బజారుకు రావడానికి పన్నెండు రోజుల ముందు ‘హార్ట్‌బ్రేకర్’, ‘మోబీ డిక్’ ప్రేక్షకుల ముందు ఎలా పలికాయో అందులో వినవచ్చు. రేడియో ప్రసారం కోసం రికార్డు చేసినది గనుక స్టూడియో నునుపు ఉండదు. కానీ బ్లూస్ పాటను పట్టుకుని అక్కడికక్కడే సాగదీస్తూ, విరుస్తూ పోయే ఆ కుర్రతనపు ధీమా ఏ స్టూడియో ప్రతిలోనూ అంతగా దొరకదు.

రెండో ఆల్బం కంపానియన్‌లో ఎక్కువ భాగం గొంతు లేని వాద్యభాగాలు, తుది రూపం రాని మిక్సులు. ‘లా లా’ అనే ఒక్క కొత్త వాద్యరచన కోసం డీలక్స్ కొనమని చెప్పలేను. మూడోదానికి మాత్రం కొనమంటాను. పాత బ్లూస్ పాటలైన ‘కీ టు ది హైవే’, ‘ట్రబుల్ ఇన్ మైండ్’లను కలిపి గాయకుడు రాబర్ట్ ప్లాంట్, పేజ్ ఇద్దరే సాదాసీదాగా పాడిన రికార్డింగు అందులో ఉంది. ఈ బృందం ఏ నేల మీద నిలబడి పాడిందో తెలుసుకోవాలనుకునేవారికి అది అమూల్యం.

నాలుగో ఆల్బం విషయంలో కథ తెలిస్తేనే కంపానియన్ విలువ తెలుస్తుంది. హ్యాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతిలో రికార్డు చేసిన పాటలను 1971లో లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో మిక్స్ చేశారు. లండన్‌కు తిరిగివచ్చి విన్నాక ఆ మిక్సులు బృందానికి రుచించలేదు. ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ ఒక్కదాన్ని ఉంచుకుని మిగిలినవాటిని లండన్‌లో మళ్లీ మిక్స్ చేశారు. కంపానియన్‌లో ఉన్నది ఆ పక్కన పెట్టేసిన సన్‌సెట్ సౌండ్ ‘స్టెయిర్‌వే టు హెవెన్’, దానితో పాటు ‘లెవీ బ్రేక్స్’కు లండన్‌లో చేసిన వేరే మిక్సు. అంటే ఆల్బంలో మనం ఎరిగిన నిర్ణయాలకు ఎదురు నిర్ణయాలు. ఆ రెండు పాటలను మూలంతో పోల్చి వింటే, మెట్ల హాలులో పైనుంచి వేలాడదీసిన మైకులతో పట్టిన బోనమ్ డ్రమ్ముల నాదం వెనుక మిక్సింగ్ బల్ల దగ్గర ఎంత ఆలోచన సాగిందో అర్థమవుతుంది. మిక్సింగ్ మీద ఆసక్తి ఉన్నవారు డీలక్స్ కొనాలి. లేనివారికి ఒంటి సీడీ చాలు.

‘హౌసెస్ ఆఫ్ ది హోలీ’లో పియానో లేని ‘ది రెయిన్ సాంగ్’, గొంతు లేని ‘నో క్వార్టర్’ బాగున్నాయి గానీ మళ్లీమళ్లీ వినేవి కావు. ‘ఫిజికల్ గ్రాఫిటీ’ కంపానియన్‌లో ‘ఇన్ ది లైట్’ పాట తొలిరూపమైన ‘ఎవ్రీబడీ మేక్స్ ఇట్ త్రూ’ ముఖ్యం. అయితే దాని మరో మిక్సు ‘కోడా’లో కూడా ఉండడం వల్ల ఇక్కడ తొందరపడనవసరం లేదు. ‘ప్రెజెన్స్’కు ఒక అరుదైన పియానో రచన, ‘ఇన్ త్రూ ది అవుట్ డోర్’కు అవే పాటల ముడి మిక్సులు. ఈ రెండింటికీ ఆల్బం ఒక్కటీ చాలు.

ఇక ‘కోడా’. తొమ్మిదింటిలో బలహీనమైన ఆల్బంగా పేరుపడిన ఇదే పునర్ముద్రణలలో అన్నింటికంటే విలువైనదిగా మారడం ఆశ్చర్యం కలిగిస్తుంది. మూలంలో ఎనిమిది పాటలు, మొత్తం అరగంటకు కాస్త ఎక్కువ. 2015 డీలక్స్ ప్రతిలో దానికి రెండు కంపానియన్ డిస్కులు, 15 రికార్డింగులు చేరాయి. మనకు వీటిలో రెండు ప్రత్యేకం. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయిలో అక్కడి వాద్యకారులను కూర్చి ‘ఫ్రెండ్స్’ను, ‘ఫోర్ స్టిక్స్’ను మళ్లీ రికార్డు చేశారు. రెండోది ‘ఫోర్ హ్యాండ్స్’ అన్న పేరుతో ఉంది. దశాబ్దాలపాటు దొంగప్రతులలో, అరిగిపోయిన శబ్దంతో చేతులు మారిన ఆ రికార్డింగులు అధికారికంగా బయటికి వచ్చింది ఇక్కడే. తబలా, తీగవాద్యాలు గిటారు వరుసను అందుకునే తీరు అక్కడక్కడ తడబడుతుంది. అది సిద్ధమైన రచన కాదు, ప్రయత్నం. ఆ ప్రయత్నంలో బొంబాయి వాద్యకారుల పనితనం నాకు ఎంతో ఇష్టం. తొమ్మిది ఆల్బంలలో ఒక్క డీలక్సే కొనగలిగితే దేనిని కొనాలని ఎవరైనా అడిగితే, మొదటి ఆల్బం, ‘కోడా’ల మధ్య కాసేపు తటపటాయించి ‘కోడా’ అనే అంటాను.

సూపర్ డీలక్స్ పెట్టెలో సీడీలు, ఎల్పీలు, సీడీకంటే సూక్ష్మమైన హై రిజల్యూషన్ (96 కిలోహెర్ట్జ్, 24 బిట్) డౌన్‌లోడ్ కోసం ఒక కార్డు, గట్టి అట్ట పుస్తకం, ముఖచిత్రం ముద్రణ ఉంటాయి. ఒకే సంగీతాన్ని మూడు రూపాలలో ఒకేసారి కొనడమే ఇది. సీడీ వినేవారు ఎల్పీలను తెరవరు, ఎల్పీ వినేవారు సీడీలను తీయరు. పైగా మన దేశానికి తెప్పించుకునేటప్పుడు ఆ బరువుకు రవాణా ఖర్చు, సుంకం తోడై అసలు ధరను బాగా పెంచేస్తాయి. ఆ పుస్తకమూ, పెట్టె అందమూ ముఖ్యమనుకునేవారు ఎంతో ఇష్టపడే ఒక్క ఆల్బంకు మాత్రమే దానిని తీసుకోవడం మంచిది. హై రిజల్యూషన్ డౌన్‌లోడ్ విడిగానూ దొరుకుతుంది. మంచి డీఏసీ (డిజిటల్ ఫైలును వినదగిన శబ్దంగా మార్చే పరికరం), మంచి హెడ్‌ఫోన్లు ఉండి అలమరలో చోటు లేనివారికి అది అన్నింటికంటే తెలివైన ఎంపిక.

ఎల్పీల సంగతి వేరు. 2014–15 ఎల్పీలు 180 గ్రాముల బరువున్నవి. కొత్త డిజిటల్ మాస్టర్ నుంచే తయారైనవి. బరువు ఎక్కువైతే శబ్దం మెరుగవుతుందని చాలామంది నమ్ముతారు గానీ, శబ్దాన్ని నిర్ణయించేది గాడి ఎలా కోశారన్నది, ముద్రణ ఎంత శుభ్రంగా జరిగిందన్నది. ఈ కొత్త ఎల్పీలు నిశ్శబ్దంగా తిరుగుతాయి. మూడో ఆల్బం అట్టలో తిరిగే చక్రం, ‘ఫిజికల్ గ్రాఫిటీ’ అట్ట మీద కోసిన కిటికీలు మూలంలో ఉన్నట్టే ఉన్నాయి. ఎల్పీ వినే అలవాటు ఉండి, గీతలు లేని ప్రతి కావాలనుకునేవారికి ఇవి చాలు.

డిజిటల్‌గా మార్చని, అసలైన అనలాగ్ శబ్దం కావాలనుకునేవారు రెండు దారులు చూడాలి. ఒకటి, క్లాసిక్ రికార్డ్స్ సంస్థ కోసం బెర్నీ గ్రండ్‌మన్ అనలాగ్ టేపుల నుంచి కోసిన 200 గ్రాముల ఎల్పీలు. ఇవి ఇప్పుడు ముద్రణలో లేవు, ధర తేలిక కాదు. రెండోది, 1969–71 నాటి మూల ముద్రణలు. వీటిని కొనేటప్పుడు అట్టను కాదు, రికార్డు మధ్య కాగితానికి చుట్టూ ఉండే నునుపు భాగంలో గీసిన అక్షరాలను చూడాలి. రెండో ఆల్బం అమెరికా తొలి ప్రతులపై ‘ఆర్ ఎల్’ అన్న అక్షరాలు ఉంటే దానిని కోసినది రాబర్ట్ లడ్విగ్ అని అర్థం. ఆ గాడిలో శబ్దం ఎంత బలంగా ఉందంటే, ఒక చవక ప్లేయరులో సూది ఎగిరిపోయిందని, అందుకే అట్లాంటిక్ సంస్థ దానిని ఆపి స్థాయి తగ్గించి మళ్లీ కోయించిందని లడ్విగ్ స్వయంగా చెప్పారు. నాలుగో ఆల్బం బ్రిటిష్ తొలి ప్రతులపై ‘పోర్కీ’, ‘పెకో డక్’ అని కనిపిస్తే అవి జార్జ్ పెకమ్ కోసినవి. మొదటి ఆల్బం బ్రిటిష్ తొలి ప్రతులలో అట్ట మీది పేరు నీలిపచ్చ రంగులో ఉంటుంది. త్వరలోనే దానిని నారింజ రంగుకు మార్చారు గనుక ఆ ప్రతులకు సేకర్తలు భారీ మొత్తాలు చెల్లిస్తారు. అది అట్ట రంగుకు ఇచ్చే ధర, శబ్దానికి కాదు. సంగీతం కోసం కొనేవారు ఆ పోటీలోకి దిగనవసరం లేదు. ‘ఆర్ ఎల్’ ప్రతి మాత్రం శబ్దపరంగానూ వేరైనదే. అరిగిపోని ప్రతి సరసమైన ధరకు ఎదురైతే వదలకూడదు. ఫోటోలో ఆ అక్షరాలు చూపించని అమ్మకందారు దగ్గర దానిని కొననూకూడదు.

పునర్ముద్రణలను ఎంచుకోవడానికి ధ్వనితో సంబంధం లేని కారణం ఒకటుంది. ఈ బృందం తొలి ఆల్బంలలోని అనేక పాటలు అమెరికా నల్లజాతి బ్లూస్ గాయకుల నుంచి, జానపద గాయకుల నుంచి తీసుకున్నవి. మూల ప్రతులపై వారి పేర్లు చాలా చోట్ల లేవు. ‘హోల్ లాటా లవ్’ విషయంలో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో దావా వేశాకే ఆయన పేరు చేరింది. ‘బేబ్ ఐయామ్ గొన్నా లీవ్ యూ’ రచయిత్రి ఆన్ బ్రెడన్ పేరు 1990ల నుంచి కనిపిస్తుంది. కొత్త ప్రతులపై ఈ పేర్లు ఉంటాయి. పాట ఎవరిదో సరిగ్గా చెప్పే ప్రతిని ఇంట్లో ఉంచుకోవడం నాకు ముఖ్యమైన విషయం.

ప్రత్యక్ష కచేరీల ప్రతులలో ఎంపిక సులభం. 1973 న్యూయార్క్ కచేరీల నుంచి వచ్చిన ‘ది సాంగ్ రిమైన్స్ ది సేమ్’ను కొనేటట్లయితే ఆరు పాటలు చేర్చిన 2007 ప్రతినో, 2018 ప్రతినో తీసుకోవాలి. 1976 నాటి రూపం అసంపూర్ణం. కానీ దానికంటే ముందు కొనవలసినది 1972 జూన్‌లో లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్‌లలో రికార్డయిన ‘హౌ ది వెస్ట్ వాస్ వన్’. ఇది మూడు సీడీలుగా 2003లో వచ్చింది. 2018లో మళ్లీ మాస్టరై మొదటిసారి ఎల్పీలుగానూ వచ్చింది. సీడీలో వినేవారికి 2003 ప్రతి దొరికినా సరిపోతుంది. ఎల్పీ కావాలంటే 2018దే ఉంది. బీబీసీ రికార్డింగులకు 1997 నాటి రెండు సీడీల ప్రతిని పక్కన పెట్టి, మూడో డిస్కు చేరిన 2016 ‘ది కంప్లీట్ బీబీసీ సెషన్స్’నే తీసుకోవాలి. ఆ మూడో డిస్కులోని ‘సన్‌షైన్ వుమన్’ రేడియో ప్రసారం నుంచి పట్టినది కావడం వల్ల శబ్దం మసకగా ఉంటుంది. అయినా ఆ పాట మరే అధికారిక ఆల్బంలోనూ లేదు.